ఏ పార్టీ లేనోడికి ఇచ్చిన పవరు

"ఏ పార్టీ లేనోడనే కదా నాయనా, వాని చేతిలో పెట్టినా. ఇప్పుడు చూడు, ఎవురు పిలిస్తే వాళ్లింటికి పోతాండాడు."

సారమ్మ కందులు విసురుగా చెరుగుతోంది. పొట్టు నా మీద పడుతున్నా జరగలేదు. జరిగితే మాట ఆగిపోతుందని భయం.

ఆమెది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. భర్త దేవపాలు ఒక పార్టీ వెంట తిరిగి, ఎన్నికల నాడు పోలింగు బూత్ దగ్గర పడిన బాంబుకు పోయాడు. ఆ పార్టీ ఇళ్లన్నీ ఊరు వదిలాయి. సారమ్మ ప్రొద్దుటూరు చేరి, నేను గుమాస్తాగా ఉన్న హాస్టల్లో వంటకు కుదిరింది. మూడెకరాల చేను మాత్రం అక్కడే ఉండిపోయింది.

పార్టీలున్న పల్లెల్లో వెళ్లిపోయినవాళ్ల భూములు బీళ్లవుతాయి. రెండు పార్టీల వీధుల్లోనూ నడవగలిగేది ఏ పార్టీకీ చెందనివాడే. అలాంటివాడు సారమ్మ మరిది పేతురు. చర్చిలో కానుకల పళ్లెం పట్టేవాడు. ఊరు వదిలిన రోజే జమ్మలమడుగులో ఆగి, తనకు బదులు సంతకం పెట్టే పవరు ఆమె అతనికే రాయించింది. సాగుకు మాత్రమేనా, అమ్మకానికి కూడానా అని పత్రాలు రాసే కమాల్ బాషా అడిగాడట. అన్నీ రాయి బాషా, మాటిమాటికీ ఆఫీసు చుట్టూ తిరగలేనని ఈమే చెప్పిందట.

ఏళ్ల తరబడి పేతురు గింజ తగ్గకుండా పంట తెచ్చి ఇచ్చాడు. నిన్న ఆదివారం మాత్రం ఉత్త చేతులతో వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. చేను తన పేర రాయమని అవతలి పార్టీ నాయకుడు పిలిపించి చెప్పాడట. బుధవారమే రిజిస్ట్రేషన్. సరేనని వచ్చానన్నాడట.

"మీ యన్నను చంపినోళ్లకు నీ చేత్తో రాసిస్తావా అంటి. వదినా, పార్టీ ఉన్నోనికైతే ఎనక పదిమంది ఉంటారు, నాకెవురుండారు అన్నాడు." చేట కింద పెట్టింది. "ఆ మాట నాకు ముందే తట్టలా. తోడు లేనోన్ని తీసకపోయి గొడవ నడుమ నిలబెట్టి, చేనికి కాపలా అనుకుంటి. వాని మీద ఎంత మండుతాండాదో, నా మీద అంతకంటే మండుతాండాది."

ఇచ్చిన పవరు రద్దు చేయొచ్చా అని అడిగింది. తెలిసినంత చెప్పాను: ఇచ్చినవాళ్లే వెళ్లి రద్దు రాయించి, జమ్మలమడుగులో రిజిస్టరు చేయించాలి. ఊరు వదిలాక ఆమె ఆ వైపు బస్సెక్కలేదు.

లేచి కొంగు బిగించింది.

"ఇప్పుడే బయలెల్లు నాయనా. రద్దు కాయితం రాసి పెట్టమని కమాల్ బాషాకు చెప్పు. రేపు పొద్దున నేనే వచ్చి ఏలిముద్ర ఏస్తా. అట్లే పేతురు దగ్గరికి పో. రేపట్నుంచి వాని సంతకం చెల్లదని చెప్పు. గదమాయించేటోళ్లను ప్రొద్దుటూరొచ్చి నన్నడగమను. వాన్ని ఇడిచిపెట్టమను."