మన్నుపప్పు

నా చిన్నప్పుడు మన్ను తినేది మా తమ్ముడు, దెబ్బలు తినేది నేను. అమ్మ బీడీలు చుడుతూ కూర్చునేది, వాడిని కనిపెట్టుకుని ఉండే పని నాది. ఒక్క క్షణం తల తిప్పితే చాలు, గోడ పెచ్చు వాడి నోట్లో ఉండేది. వేలు పెట్టి తీసి, నోరు కడిగి కూర్చోబెడితే మళ్లీ అదే పని. వాడితో నా ప్రాణం విసిగిపోయింది.

వాడి ముఖం రోజురోజుకీ పాలిపోతుంటే అమ్మకు భయం పట్టుకుంది. బోధన్‌లో డాక్టరు ఒంట్లో రక్తం లేదని చెప్పి, కడుపులో నులిపురుగులకు మందు ఇచ్చి, ఆకుకూరలు బాగా పెట్టమన్నాడు. కూర చూస్తే వీడు పళ్లు బిగించేవాడు. మన్నుకు తెరుచుకునే నోరు కూరకు తెరుచుకోదు!

పక్కింటి అక్క చెరుకు తోటల్లో కలుపు తీయడానికి పోయేది. ఒకరోజు నేను వాడి మీద చెయ్యెత్తగానే వచ్చి ఆపింది. కొంగులోంచి గంగవాయిల కూర, అదే పాయలాకు, వేర్లతో సహా తీసి, వాడి ముందు మన్ను దులిపింది.

"మన్ను మనం తింటె కడుపుల పురుగులైతయ్ రా. గీ కూర మన్నుల ఉన్న సత్తువంత గుంజుకొని, సెత్త ఇడిసిపెడ్తది. దీంతోని మన్నుపప్పు జేస్త. తింటవా, నేనొక్కదాన్నే తిననా?"

వాడు గిన్నె నాకి మరీ తిన్నాడు. నేను బతిమాలితే ముద్ద దిగని గొంతు అది! నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు ఆ మహానుభావుడికి మనవలున్నారు. నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి, గంగవాయిల కూరలో ఇనుము, మెగ్నీషియం, పొటాషియం ఉంటాయని నాకే చదివి వినిపిస్తాడు. "నేను గప్పుడే ఇనుము ఎతుక్కున్న అక్కా" అంటాడు. వీడి తెలివి తగలెయ్య! ఆ ఇనుము కోసం వాచింది నా వీపు.

ఆ రోజు వాడు తిన్నాక పక్కింటి అక్క నన్ను వెలుతురులోకి లాగి, కింది కనురెప్ప దించి చూసింది.

"గీ పిల్లకు గూడ రక్తం లేదు గద చిన్నమ్మా. ఎవ్వరు సూడలేదా?"

అమ్మ చేతిలోని బీడీ కింద పెట్టేసింది. మిగిలిన పప్పంతా నా కంచంలోకి వచ్చింది. మన్ను తినడం లేదు కాబట్టి నాకే లోటూ లేదని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇంట్లో ఒక పిల్ల మారాం చేస్తే ఇప్పటికీ అందరూ దాని చుట్టూ చేరతారు. నేను మాత్రం ఏమీ అడగకుండా మూల కూర్చున్న పిల్ల దగ్గరికి పోయి, కనురెప్ప దించి చూస్తాను.