కిటికీ పిడికి తగిలించిన క్యాలెండరు

మనవరాలు పుట్టిందండీ! తల్లీ బిడ్డా క్షేమం! ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఈ మాట మొట్టమొదట వినవలసిన మనిషి, మా అమ్మాయి మామగారు, నా వియ్యంకుడు, పోయిన వారమే ఈ హాంబర్గ్ ఊళ్ళోనే ఆసుపత్రిలో కన్నుమూశారు. సంతోషంతో కూర్చోలేను, ఆయన లేరని నిలబడలేను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

పిల్లల్ని చూద్దామని మేమిద్దరం ముందు వచ్చాం. ఆడవాళ్ళు తరువాత రావలసింది. ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. వియ్యంకులిద్దరం ఒకే గదిలో చిక్కుకున్నాం. నాకు కాలు నిలిచేది కాదు. "బావగారూ, నేల అరుగుతది. ఇల్లు కిరాయిది," అనేవారాయన. కరీంనగర్ మనిషి, తాను నవ్వకుండా నవ్వించేవారు.

ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరును ఆయన వంటింటి కిటికీ పిడికి తగిలించారు. గోడకు మేకు కొడితే ఇంటి ఓనరు ఊరుకోడని అల్లుడి భయం. మన ఇళ్ళలో తేదీ గడిలో పాలు, గ్యాసు రాసుకుంటాం కదా, అలాగే ఆయన సాయంత్రం టీ తాగి ఆ రోజు గురించి ఒక్క ముక్క రాసేవారు. "వంకాయ దొరికింది." "కోడలు నవ్వింది." నన్నూ కూర్చోబెట్టారు. గడిలో పై సగం ఆయనది, కింది సగం నాది.

"ఏముందండీ రాయడానికి? వాన."

"గట్లనే రాయుండ్రి. రేపటి గడిల గూడ వాననే అని రాసిపెట్టుండ్రి, పని ఒడుస్తది."

ఒకరోజు హుషారుగా గడి దాటి రాసేస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "డబ్బాల పట్టినంతనే. ఇయ్యాల గంత రాస్తే రేపు రాయబుద్ధి గాదు." మధ్యలో మానేసి నేను సిగ్గుపడితే, "ఖాళీ గడి గూడ రాసినట్టే బావగారూ. ఆ దినం మనసు మంచిగ లేదని తెలుస్తది," అన్నారు. చదువు తక్కువ వాణ్ణి, ఆ మాటతో నాకు కలమంటే భయం పోయింది. ఆ ఒక్క ముక్క రాశాక కాళ్ళు కాస్త కుదురుకునేవి.

ఆయన పోయాక గడులన్నీ ఖాళీ.

ఇందాక ఆసుపత్రి నుంచి అల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, పాప పుట్టింది! అమ్మకు మీరే చెప్పుండ్రి. నా గొంతు ఇంటె అమ్మ ఏడుస్తది, నేనూ ఆగను."

చెల్లెమ్మగారు, అంటే బావగారి భార్య, కడచూపుకు కూడా రాలేకపోయారు. ఆ కబురు చెప్పిన ఫోనూ నాదే. మళ్ళీ నా పేరు చూస్తే ఆవిడ గుండె ఏమవుతుందో! నంబరు నొక్కబోయి ఆపేశాను.

టీ పెట్టుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి నా కింది సగంలో "పాప పుట్టింది" అని రాశాను. పై సగం ఆయనది, అలాగే ఉంచాను. కాళ్ళు కుదురుకున్నాయి.

ఇక చెప్పవలసిన వాళ్ళు: తెనాలిలో మా ఆవిడ, గుంటూరులో మా అక్కయ్య, వరంగల్‌లో బావగారి అన్నగారు, హైదరాబాదులో అల్లుడి తమ్ముడు. వీళ్ళందరికన్నా ముందు, కరీంనగర్‌లో చెల్లెమ్మగారు.