మేడం ముత్తవ్వ దాచుకున్న జుట్టు

మేడం ముత్తవ్వ దాచిపెట్టిన జుట్టును సముద్రంలో కలిపింది నేను. నింద మోసింది మరొకరు.

నాలుగు నెలల కిందట, బహ్రెయిన్‌లోని బుదైయాలో నేనొకప్పుడు తోటపని చేసిన విల్లాకు నా పేరిట ఒక పుస్తకం వచ్చిందని అక్కడి డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ విల్లాలో ఉన్న అమెరికా మేడం తన ముత్తవ్వ చరిత్ర రాసి, అచ్చు వేయించి, నన్ను గుర్తుపెట్టుకుని పంపింది. నేను బడికి పోయింది మూడు తరగతులే. ఇంగ్లీషు నాకు విత్తనాల పొట్లాల మీద, పురుగుమందుల డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చింది. అయినా తుబ్లీలో మా గదిలో కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, నెల రోజులు చదివాను.

బండి మీద సామాను వేసుకుని కొత్త భూములకు పోయి, గడ్డి పెళ్ళలతో ఇల్లు కట్టుకుని, మొగుడు మంచాన పడిన ఏడాది తానే నాగలి పట్టి మొక్కజొన్న వేసిన రైతు మనిషి ఆ ముత్తవ్వ. మన నాయనమ్మలను చూసిన వాళ్ళకు కొత్తగా అనిపించదు. ఒకే చలికాలంలో గొంతు జబ్బుతో ముగ్గురు పిల్లలు పోతే, ఫొటోలు తీయించే స్తోమత లేక, ఒక్కొక్కరి జుట్టు కొంచెం కత్తిరించి, కాగితంలో మడిచి, పైన పేరు రాసి ఒక రేకుపెట్టెలో దాచుకుందట. అది ఆ కాలపు అక్కడి ఆడవాళ్ళ అలవాటట. ఈ సంగతి అప్పుడు నాకెవరు చెప్పారు?

ఆ పెట్టె తరాలు దాటి మేడం చేతికి వచ్చి, ఆమెతోనే బుదైయా విల్లాకు చేరింది. ఆ ఇంట్లో వంటకు, తుడవడానికి గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. నేను జగిత్యాల దిక్కు వాడినైనా సొంత అన్నలాగే చూసేది. ఒక పొద్దున మేడం డ్యూటీకి పోయాక తోటలోకి వచ్చింది.

"అన్నయ్యా, ఆ రేకుపెట్టెలో సచ్చిపోయిన పిల్లల జుట్టుందండీ. మేడంగారే సూపించారు. నేనింక ఆ గదిలో అడుగెట్టను."

"ఊకె భయపడకు చెల్లె. నీళ్ళల్ల కలిపితే అయిపాయె."

పోయినవాళ్ళ జుట్టు ఇంట్లో ఉండకూడదని, నీళ్ళలో కలిపితేనే ఆ జీవాలకు దారి దొరుకుతుందని మా ఇళ్ళలో నమ్మకం. పుణ్యమే చేస్తున్నాననుకుని, నేనే లోపలికి పోయి పెట్టె తీసుకుని, సముద్రం ఒడ్డుకు నడిచి, మూడు పొట్లాలూ విప్పి, దండం పెట్టి కలిపేశాను. అక్షరాలున్న కాగితాలను నీళ్ళపాలు చేయడం తప్పని, వాటిని మాత్రం మళ్ళీ మడిచి పెట్టెలోనే పెట్టాను.

సాయంత్రం మేడం ఆ ఖాళీ కాగితాలు పట్టుకుని నేల మీద కూలబడిపోయింది. తర్వాత లేచి ఏం చేసింది? ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇంట్లో సూది పోయినా ముందు వెతికేది పనిమనిషి సంచినే. చెల్లె సంచిని మంచం మీద కుమ్మరించింది. రెండు చీరలు, మోకాళ్ళ మందు, దేవుడి పటం. నేను పార పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెల్లె నా వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. వీసా పోతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. నెల తిరగకుండా ఆమెను పనిలోంచి ఖలాస్ చేసి ఊరికి పంపేశారు.

వెళ్ళేటప్పుడు ఒక్క మాట అంది. "మీ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువండీ అన్నయ్యా. నేనొక్కదాన్నే కదా, ఎలాగో బతికేత్తాను."

ఇప్పుడు పుస్తకం చూస్తే, ఆ జుట్టును బహ్రెయిన్‌లో ఇంటి పనిమనిషి కాజేసిందని అచ్చులో ఉంది. నా రక్తం మరిగింది. ఎవరి మీద మరగాలో తెలియక నా మీదే మరిగింది. గదిలోని కుర్రాళ్ళు "పోనియ్ తాతా, గా ముచ్చట ఎన్నడో ఒడిసిపాయె" అన్నారు. ముగిసిపోయిందని చెప్పడానికి వీళ్ళెవరు? నాకు వచ్చిన ఇంగ్లీషులో, తప్పులతోనే, జరిగినదంతా రాసి మేడంకు పోస్టు చేశాను.

అప్పటి బుదైయా తోటలు సగం విల్లాలైపోయాయి. నేను నడిచిన ఒడ్డును పూడ్చి రోడ్డు వేశారు. ఇప్పుడు క్యాంపుల్లో మనవాళ్ళు రోజూ ఫోనులో పిల్లల మొహాలు చూసుకుంటున్నారు, గుప్పెడు జుట్టు కోసం ఒక తల్లి ఎంత తపించిందో చెబితే వింతగా చూస్తారు. సంచులు వెతికిన కథలు మాత్రం ఇంకా వింటూనే ఉన్నాను.

మొన్న మేడం జవాబు వచ్చింది. నాకు అర్థమైనంతవరకు మన భాషలో రాస్తున్నాను.

"నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, ఇంకా పోలేదు. కానీ ఆ సంచి కుమ్మరించింది నా చేతులే. ఆమె నీ పేరు చెప్పలేదు, నేను ఆమెను సరిగా అడగనూ లేదు. ఆ పేజీ మార్పిస్తాను. ఆమె ఊరు, పూర్తి పేరు పంపు. ముందు నువ్వు ఆమెకు రాయి. ఆమె ఏమంటుందో తెలిసేదాకా నాకు క్షమాపణలు రాయకు."