విరవని గాజు పలక

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు ఒక దరఖాస్తు కాగితం పట్టుకుని వచ్చింది. విశాఖపట్నంలో ల్యాబు టెక్నీషియన్ చదువుకి పెడుతుందట. "పెదనాన్నా, ఇది సదివితే ఏటేటి ఉజ్జోగాలొస్తాయి?" అని అడిగింది. సర్కారు ఆసుపత్రిలో చేరొచ్చు, మలేరియా శాఖలో చేరొచ్చు, ఓపికుంటే సొంతంగా బోర్డు కట్టుకోవచ్చు అని ఉత్సాహంగానే చెప్పాను. నా జీవితమంతా ఆ పనిలోనే గడిచింది కదా. అంతా విని ఆ పిల్ల, "కళ్ళు బాగుండాలి గావాల. ఎవరో ముసలి మాస్టారు సూపానక మన అత్త బతుకు పాడుసేసేడంట గదా" అంది. ఆ మాట మా ఇంట్లో పాతికేళ్ళుగా నలుగుతోంది. నేనే నలగనిచ్చాను. అది అబద్ధం.

ఆ పిల్ల అత్త అన్నది మా మేనత్త కూతురిని. నాకు రెండేళ్ళు పెద్ద, వరసకి వదిన. వడ్డాదిలో ఉండేవారు. ఇరవై నిండకుండానే మొగుడు పోయాడు. స్కూలు ఫైనలు అప్పటికే ప్యాసయింది. యాభైల నడుమ, నేను పట్నంలో ఏడాది ట్రైనింగు ముగించుకుని చోడవరం ఆసుపత్రి ల్యాబులో చేరిన కొత్తలో, ఆమె పని మీద ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మా గదిలోకి తొంగిచూసేది. గదంటే గదే. ఒక కిటికీ, ఒక బల్ల, ఒంటికన్ను ఇత్తడి మైక్రోస్కోపు. కరెంటు లేదు గనక దాని కింది అద్దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండతోనే క్రిముల్ని చూడాలి. మబ్బు పడితే చోడవరంలో ఎవరికీ ఏ రోగమూ ఉండేది కాదు. ల్యాబుకి పెద్దయిన ముసలాయన, మేమంతా మాస్టారు అనేవాళ్ళం, ఆమెకి కుర్చీ వేసి చూపించేవారు. "ఒరే మరిదీ, నువ్వే సదివేవంటే అదేటంత బెమ్మవిద్దె కాదులే. నాకూ వస్తాది" అని నన్ను దెప్పేది. నిజానికి నాకంటే ఆమె చూపే చురుకు. నేను క్రిమి కోసం వెతుక్కునే లోపలే ఆమె పట్టేసేది. మాస్టారే ఆమె చేత ట్రైనింగుకి దరఖాస్తు పెట్టించారు. సీటొచ్చింది. మా మేనత్త మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు ఒప్పుకుంది.

ఇప్పుడు గాజు పలకల సంగతి చెప్పాలి. కఫాన్ని చిన్న గాజు పలక మీద పూసి, ఎర్ర రంగు పట్టించి చూస్తాం. క్షయ ఉంటే సన్నటి ఎర్ర పుల్లల్లాంటివి కనిపిస్తాయి. పలకలు పట్నం నుంచి రావాలి, ఎప్పటికో గాని రావు. అందుకని క్రిములు లేని పలకల్ని బూడిదతో తోమి, కుంకుడు రసంలో నానబెట్టి, ఎండబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. క్రిములున్నవి మాత్రం మాస్టారు అప్పటికప్పుడు విరిచి నిప్పుల్లో వేసేవారు. "ఎర్రది కనపడిందా, ఇరిసెయ్ బాబూ. గాజు మీద జాలి సూపించకు. ఎంత తోమినా అది ఒగ్గదు" అనేవారు. నాకు అది ముసలి చాదస్తంగా తోచింది. ఆ ఏడు పలకలు మరీ కరువయ్యాయి. ఆయన చూడకుండా విరవాల్సిన వాటిని కూడా తోమి పెట్టెలో సర్దాను. పలకలు ఇంకా ఉన్నాయేమిటని డాక్టరుగారు ఆశ్చర్యపోయి, నలుగురిలో నన్ను పొదుపరి అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వారం రోజులు నెమరేసుకున్నాను.

ట్రైనింగులో చేరేముందు ఛాతీ బాగుందని కాగితం కావాలి. అవి బెల్లం వండే రోజులు. గానుగ దగ్గర పొగకి వదిన దగ్గుతోంది. కఫం పరీక్ష చెయ్యమన్నారు. పలక నేనే తయారుచేశాను. ఎర్ర పుల్లలు కనిపించాయి. మాస్టారు కూడా చూశారు. చాలాసేపు కన్ను తియ్యలేదు. చివరికి, "ఉన్నాయి బాబూ" అని రిజిస్టరులో సంతకం పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్న ఆమెకి తానే చెప్పడానికి వెళ్ళారు. మైక్రోస్కోపు కింద పెట్టేముందు పలక మీద వేసే నూనెని నేను తుడుస్తున్నాను. మూల మీద నేను గీసిన రోగి అంకె కింద పాత అంకె సన్నగా కనిపించింది. అంతకు నెల ముందు నెత్తురు కక్కుకుంటూ వచ్చిన బుచ్చయ్యపేట రైతుది ఆ అంకె. తోమినా పోని ఆ క్రిములు అతనివి.

అప్పుడే గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. ఆమె ఇంకా బెంచీ మీదే ఉంది. కానీ చెబితే నేను ఇచ్చిన రిపోర్టులన్నీ అనుమానమే, పొదుపరితనం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. రేపు చెబుదామనుకున్నాను. ఆ పలకను మాత్రం విరిచాను.

సీటు పోయింది. వదినకి వసారాలో వేరే మంచం, వేరే కంచం పెట్టారు. వర్షాకాలం వెళ్ళాక మా మేనత్త ఆమెని పట్నం తీసుకెళ్ళి ఎక్సురే తీయించింది. ఛాతీలో మచ్చ లేదు, మూడుసార్లు చూసినా కఫంలో క్రిమి లేదు. డాక్టరుగారు మాస్టారిని పిలిచి నిలదీశారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని, "సంతకం నాదండి. తప్పు నా కళ్ళదే అయ్యుంటాది" అన్నారు. ఆ నెలలోనే మానేసి అనకాపల్లి అవతల తన ఊరికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. మరుసటి ఏడు దరఖాస్తు పెట్టడానికి వదినకి వయసు దాటిపోయింది. రోగం లేదని పట్నం డాక్టరు రాసిచ్చినా వడ్డాదిలో ఎవరూ ఆ కంచాన్ని తక్కిన కంచాలతో కలపలేదు. కొన్నాళ్ళకి ఆమే కలపనివ్వడం మానేసింది.

నిరుడు వడ్డాది వెళ్ళి వదినకి అంతా చెప్పాను. వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చెయ్యి ఆపకుండా వింది.

"మాస్టారికి సెప్పేవేటి?"

"ఆయన పోయి చాన్నాళ్ళయింది వదినా."

"మరి నాకెందుకురా సెప్తన్నావు?"

పిక్కలు పక్కకి జరిపి లేచింది. నాకు అన్నం పెట్టింది. తాను తన కంచం తెచ్చుకుని దూరంగా కూర్చుంది.

మా తమ్ముడి కూతురి దరఖాస్తు మీద పెద్దవాళ్ళు సంతకం చేసే చోట నేనే చేశాను. మాస్టారి కళ్ళు బాగానే ఉండేవని, పలక విరవనిది నేనేనని ఆ పిల్లకి చెప్పాను, ఇక్కడ రాస్తున్నాను. వినవలసిన మనిషి లేడు. విన్న మనిషికి అక్కర్లేదు. గాజు పలక విరవడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది ఆ పిల్ల. రెప్పపాటు, అన్నాను. విరవకపోతే ఎంతకాలం పడుతుందో ఆ పిల్ల అడగలేదు.