పెద్ద జారు మూత

"మూత గట్టిగా ఒత్తి పట్టుకోమంటే పట్టుకోలేకపోయినావా?"

"రెండు చేతులా ఒత్తినా అత్తా! ఇంకెట్ల ఒత్తేది? ఎక్కి కూసోమంటావా?"

"కూసోనుంటే బాగుండు. సూడు, గోడంతా పూసి పెట్టినావు."

"పూసింది నేనా? నీ ముసిలి మిక్సీ! రేపు ఆదివారం, ఆయన ఇంట్లోనే ఉంటాడు. అంగడికి పోయి కొత్తది తెచ్చేస్తాం. దీన్ని పాతసామాన్లోడికి ఏసేద్దాం."

"నేనుండగా నా మిక్సీ పాతసామాన్లలోకి పోదు."

"అయితే మూత మూసి సూపీ. రేపు పొద్దునకి మూసుకునిందా, నేను నోరెత్తను. లేదంటే కొత్తదే."

"సరే పోవే."

మొన్న శనివారం సాయంత్రం మదనపల్లెలో, మా వంటింట్లో జరిగిన మాటలివి. అత్తను నేను. ఎదురు చెప్పింది నా కోడలు. పరాయి పిల్లేం కాదు, పుంగనూరులో ఉండే నా తమ్ముడి కూతురే. అందుకే నన్ను నువ్వు అనే ధైర్యం దానికీ, దాన్ని కసిరే హక్కు నాకూ పుట్టుకతోనే వచ్చాయి. గోడ మీద కారుతున్నది టమోటా తొక్కు. మా ఊళ్ళో టమోటా ధర పడిపోయిన రోజున గంపలకు గంపలు వీధిలోకి తెచ్చి అమ్ముతారు. అలాంటి రోజు గంప తీసుకోకుండా తలుపు వేసుకునే ఆడదాన్ని నేను ఇల్లాలని ఒప్పుకోను. తీసుకున్నాను. కోసి, ఉప్పులో ఊరబెట్టి, మిద్దె మీద ఎండబెట్టి, ఇక రుబ్బుదామని అటక మీది నుంచి మిక్సీ పెద్ద జారు దింపితే మూత పట్టలేదు. ఇటు ఒత్తితే అటు లేస్తుంది, అటు ఒత్తితే ఇటు లేస్తుంది. కోడలు బలవంతంగా అదిమిపట్టింది, నేను స్విచ్చి వేశాను. మూత ఎగిరి బియ్యం డ్రమ్ము వెనక పడింది. తొక్కు గోడ మీద కొంత, క్యాలెండరు మీద కొంత, కోడలి ముక్కు మీద కొంత. ముక్కు మీది దాన్ని వేలితో తీసి నాలుకకు రాసుకుని "ఉప్పు సరిపోయింది" అంది. అల్లరి పిల్ల.

నేను చదివింది మూడో తరగతి. ఆపైన చదువంతా అంగడి పొట్లాలు విప్పి, ఆ కాగితాలు పారేసే ముందు చదివి నేర్చుకున్నదే. అయినా, మూత పట్టకపోతే ముందు కారణం వెతకాలి గానీ కొత్తది కొనకూడదని తెలియడానికి చదువెందుకు? మూత అంచుకు ఉండే రబ్బరుకు కొబ్బరినూనె రాశాను. పట్టలేదు. వేడినీళ్ళలో ముంచాను. పట్టలేదు. జారు మీద మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టాను. కోడలు గుమ్మంలో నిలబడి "పొత్రం పెట్టుకునే మిక్సీ ఆడిస్తావా అత్తా?" అని అడిగింది.

ఆ జారు అటకెక్కింది అంతకు కొన్నాళ్ళ ముందు జరిగిన వేడుక తర్వాతే. పుంగనూరులో మా తమ్ముడు కొడుకు వైపు మనవడికి చెవులు కుట్టించాడు. మా వైపు ఇలాంటి వేడుకలకు వచ్చే ఆడవాళ్ళు ఎవరి మిక్సీ జారు వాళ్ళు చంకలో పెట్టుకుని వస్తారు. అంతమందికి చెనక్కాయ చట్నీ రుబ్బాలంటే ఒక జారు చాలదు. నేనూ తీసుకెళ్ళాను. కుప్పం నుంచి మా అక్కా తెచ్చింది. స్టీలు జార్లు కాబట్టి వాటి మీద పేర్లు కొట్టించుకుని ఉంటాం, అందుకే ఏ జారూ దారి తప్పదు. పని బాగానే జరిగింది. చివర తాలింపు దగ్గర, మేము తిరగవాత అంటాం, అక్కడే వచ్చింది తంటా. నూనె డబ్బా నా చేతిలో ఉంది. అక్క అందరూ వినేటట్టు, "మా చెల్లెలు తిరగవాతకు నూనె పోయదు, బాండ్లీకి డబ్బా సూపిస్తాది అంతే" అంది. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళతో సహా అందరూ నవ్వారు. "నువ్వు పోసే నూనెలో చట్నీ ఈత కొట్టాల్సిందే" అన్నాను నేను. దానికీ నవ్వారు. అక్క మూతి ముడుచుకుంది. సాయంత్రం ఆమె కుప్పం బస్సెక్కింది, నేను మదనపల్లె బస్సెక్కాను. పోయొస్తానని ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అప్పటినుంచి ఫోనులో కూడా మాటల్లేవు. రోజూ పొద్దున ఏం టిఫను చేశావని ఒకరినొకరు అడిగే అక్కాచెల్లెళ్ళం మేము. ఆమె చేస్తే ఎత్తుదామని నేను ఫోను దగ్గర పెట్టుకునే కూర్చున్నాను గానీ, నేను చేయలేదు. పెద్దది ఆమె. అన్నదీ ఆమే.

పొత్రానికీ లొంగకపోయేసరికి, రబ్బరే ఊడదీసి చూద్దామని గరిటె కాడతో అంచు లేపాను. రబ్బరు వచ్చింది. దాని కింద, గాడిలో, పసుపెక్కిపోయిన దారం. వరస తప్పకుండా, ఒకదాని పక్కన ఒకటి, చుట్టంతా చుట్టి ఉంది. చివర పూలు కట్టే ముడి. నేను మూతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. అది నా మూత కాదు. పేర్లు కొట్టించుకున్నది జార్ల మీదే గానీ ప్లాస్టిక్ మూతల మీద ఎవరు కొడతారు?

ఆ దారం చుట్టింది మా అమ్మ. అక్కా నేనూ మిక్సీలు ఒకేరోజు కొన్నాం. పుంగనూరులో ఒకే అంగడి, ఒకే రకం, ఒకే రంగు. రెండు తీసుకుంటే తగ్గిస్తాడని అమ్మే మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని పెద్దపంజాణి పక్కనున్న మా ఊరి నుంచి వచ్చి బేరమాడింది. తిరిగి పోయేటప్పుడు బస్సు మెట్ల మీది నుంచి అక్క జారు జారిపడి మూతి వంకరపోయింది. కొత్త మిక్సీ, ఇల్లు కూడా చేరలేదు. అక్క బస్సులోనే ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఇంటికి పోయి మేకుకు వేలాడే దారం ఉండ దింపింది. అది బియ్యం బస్తాల మూతి కుట్టిన దారం. అమ్మ ఏ బస్తా విప్పేటప్పుడూ కత్తెర ముట్టుకోనిచ్చేది కాదు. దారం ఏ కొస నుంచి లాగితే గొలుసులా ఊడివస్తుందో ఆ కొస దొరికేదాకా బస్తాను అటూ ఇటూ తిప్పేది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా సరే, దొరకాల్సిందే. అలా లాగిన దారమంతా ఉండ చుట్టేది. పూలకూ, పందిరికీ, చిరిగిన చాపకూ, మా జడలకూ అదే. ఆ దారాన్నే అక్క మూత రబ్బరు కింద చుట్టి, జారు మీద పెట్టి అదిమింది. మూసుకుంది. "సూడు, ఇంగ ఏడ్సబాక" అంది. అక్క రబ్బర్లు ఎన్నిసార్లు మార్చుకుందో గానీ దారాన్ని మాత్రం అలాగే ఉంచింది. వంకర జారుకు చుట్టిన దారం నా వంకరలేని జారుకు ఎందుకు పడుతుంది?

కోడలు వంగి చూసింది. "ఇంతేనా! ఉండత్తా, కత్తెర తెస్తా. దారం తీసేస్తే సరిగ్గా పట్టేస్తాది." అది చెప్పింది నిజమే. ఒక్క కోతతో నా మూత సమస్య తీరేది, పందెమూ గెలిచేదాన్ని. నేను మూత మీద చెయ్యి అడ్డం పెట్టాను. "కత్తెర తెచ్చినావంటే నీ జడ కోస్తా. ఫోను తే."

అక్క వెంటనే ఎత్తింది. "ఎవురు?" అంది. పేరు కనిపిస్తూనే ఉంటుంది, అయినా.

"నేనే. ఒక మూత గురించి చేసినా."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత గొంతు మారింది. "నీ కాడుండాదా? దారం ఉండాదా? తీసేసినావా ఏమన్నా?"

"తీస్తానా?"

"పోయిందనుకున్నానే. అటక మీద, బీరువా ఎనక, అంతా ఎతికినా. రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు." ముక్కు చీదుకుని, మళ్ళీ మామూలు అక్క అయిపోయింది. "ఈడుండేది నీదేనా అయితే? నా జారు మీద పెడితే గిర్రున తిరుగుతాది. నిన్న ఉలవ చట్నీ మొత్తం మీ బావ తెల్లచొక్కా మీదనే."

"మరి నాకు ఫోను చెయ్యొచ్చు కదా?"

"నువ్వు చెయ్యొచ్చు కదా?"

"నేను కుప్పం దాకా రాను. పుంగనూరికి రా, తమ్ముడింట్లో ఇచ్చేస్తా" అన్నాను.

"బస్సు చార్జీ తగ్గుతాదనా?" అంది అక్క. ఈసారి నవ్వింది మేమిద్దరమే.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె లాగి దాచిన ఆ బస్తా దారం ఇప్పటికీ కుప్పంలో ఒక వంకర జారు మూతను పట్టుకుని ఉంది. కాలం అన్నిటినీ వదులు చేస్తుందంటారు గానీ, కొన్ని ముళ్ళ దగ్గర దాని వేళ్ళు కూడా ఆడవేమో.

మర్నాడు పొద్దున నేను జారూ, మూతా, ఎండు టమోటాల డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి అక్క అప్పటికే తమ్ముడింటి అరుగు మీద కూర్చుని ఉంది. సంచి ఒళ్ళోనే ఉంది. మూతలు మార్చుకున్నాం. అక్క ముందు దారం తడిమి చూసుకుని, తర్వాత నా వైపు చూసింది. నా మూత నా జారు మీద టక్కున పడింది. కోడలు ఫోను చేసి "మూసుకునిందా?" అని అడిగితే, "మూసుకునింది, అంగడికి పోబాకండి" అని చెప్పాను. టమోటా తొక్కు అక్కడే రుబ్బాం. అక్క తిరగవాతకు బాండ్లీ పెట్టింది. నూనె డబ్బా ఎత్తి నన్ను చూసింది. నేను కిటికీ వైపు తిరిగి, బయట ఎండ ఎంతదాకా వచ్చిందో చూస్తూ నిలబడ్డాను. అక్క చాలాసేపే పోసింది.