కాశిబుగ్గ వాడి చెవులు

విశాఖలో జలాంతర్గామి ఎక్కిన రోజు వాన. నిచ్చెన దిగగానే డీజిల్ వాసన ముఖాన కొట్టింది. పడకలు చాలవు. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి చోటే ఇంకొకడు పడుకోవాలి. నా పని ఇంజిన్ గదిలో.

ఇప్పుడు మా ఊళ్లో, సుబేదారి సెంటర్లో టీ తాగుతూ నేను చెప్పేది వేరు. మూడు వందల మీటర్ల లోతున శత్రు నౌకను తరిమామంటాను. టీ పోయించేవాళ్లు ఉన్నారు కనుక ఆ లోతు ఏటేటా పెరుగుతోంది. నిజానికి ఆ రోజు మేమున్నది తాడిచెట్టంత లోతులో. శత్రువు కూడా మన నౌకే. అది నేవీ విన్యాసం, ఉత్తుత్తి యుద్ధం. దానికి దొరక్కుండా ఉంటే మా కెప్టెన్ గెలిచినట్టు.

మా సోనార్ ఆపరేటర్‌ది మా ఊరి పక్క కాశిబుగ్గే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నీళ్లలో చప్పుడు విని ఓడ ఎటుందో చెప్పాలి. తీరం చేరగానే వాడికి చెవుల పరీక్ష. తప్పితే ఆ కుర్చీ పోతుంది. సరిగ్గా అప్పుడే జలుబు పట్టింది.

లోతులో నడిచేది బ్యాటరీ మీద. అది నిండాలంటే డీజిల్ ఇంజిన్ నడవాలి, దానికి గాలి కావాలి. నీటిపైకి గొట్టం లేపి పీలుస్తాం. అల కప్పితే గొట్టం మూత పడుతుంది. ఇంజిన్ మాత్రం ఆగదు, లోపలి గాలినే తాగుతుంది. చెవులు గుంజుతాయి, జలుబుంటే మరీను. మూత తెరుచుకోగానే గాలి వచ్చి గుద్దుతుంది.

ఆ రోజు సముద్రం లేచింది. వాడు నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, చెవులు పగులుతానయ్. జర ఇంజిన్ ఆపరాదే."

"నీ చెవుల కోసం ఆపితే కెప్టెన్ నా చెవులు కోస్తడు. డాక్టర్ సార్‌కు చెప్పుపో."

"చెప్తే పరీక్షకు రానియ్యడే."

"అయితే దూది పెట్టుకో. నీ ఫికర్ నాకెందుకు?"

వాడు నవ్వుతూనే పోయాడు.

కెప్టెన్‌ను ఎదిరించానని చెబుతుంటాను. అబద్ధం. ఇంటర్‌కమ్‌లో అడిగానంతే.

"సార్, అలలు తగ్గేదాకా ఆపుదామా?"

"గెలిచాక ఆపుదాం."

తర్వాతి అలకు మూత చాలాసేపు తెరుచుకోలేదు. తెరుచుకున్నప్పుడు నాకే కళ్లు తిరిగాయి.

బ్యాటరీ నిండింది. ఇంజిన్ ఆపి కిందికి దిగాం. నేను కంట్రోల్ గదికి వచ్చేసరికి పైన ఆ శత్రు ఓడను తోసే పంకా చప్పుడు. ఏ యంత్రమూ అక్కర్లేదు, ఉక్కు గోడ దాటి అందరికీ వినిపిస్తోంది. అందరం తలెత్తి చూస్తున్నాం. కెప్టెన్ హెడ్‌ఫోన్లతో కూర్చున్న కాశిబుగ్గ వాడి భుజం తట్టి, చేత్తో ఏమిటని అడిగాడు.

"అంతా నిశ్శబ్దం, సార్. ఏ ఓడా లేదు."

పరాచికమనుకున్నాం. నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. అప్పుడు హెడ్‌ఫోన్ కింద నుంచి కాలర్ దాకా దిగిన నెత్తురు కనబడింది.

"ఈ చెవిటివాణ్ని కుర్చీలోంచి లేపండి," అన్నాడు కెప్టెన్. ఆట ఓడిపోయాడు మరి.

తీరం చేరాం. రేవు మీద వాణ్ని అంబులెన్స్ కోసం కూర్చోబెట్టారు. చేతి గడియారం విప్పి కుడి చెవికి ఆనించాడు. ఎడమ చెవికి ఆనించాడు. మళ్లీ కుడి చెవికి. ఆగిపోయిందనుకున్నాడేమో, తల వంచుకుని దానికి కీ ఇవ్వసాగాడు.