మంచం మీది గాజుల బేరం

హచ్చొళ్ళిలో ఆడవాళ్ళ చేతులు ఉచ్చంగెమ్మకు తెలిసినంతగా వాళ్ళ మొగుళ్ళకు కూడా తెలియవు. ఎవరి బొటనవేలి కీలు బిరుసు, ఎవరి అరచెయ్యి నొక్కితే మెత్తగా మడుచుకుంటుంది, ఎవరికి కుడిచేతికి ఒక సైజు పెద్దది కావాలి, అన్నీ ఆమె వేళ్ళకే గుర్తు. చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి, మాటల్లో పెట్టి, ఆ మనిషి ఏదో జవాబు చెప్పేలోపల గాజు కీలు దాటించేసేది. వేసేటప్పుడు గాజు చిట్లితే నష్టం అమ్మేవాళ్ళదే. అది గాజులవాళ్ళ పాత కట్టుబాటు. ఉచ్చంగెమ్మకు ఆ నష్టం ఏడాదికి పదిసార్లు కూడా వచ్చేది కాదు.

నిజానికి ఈ వృత్తి ఆమె మొగుడు నెట్టికంటప్పది. గాజుల వరసలు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఒక కరువు ఏడు, గాజులు కొనే దిక్కు లేక పత్తి మిల్లుకు కూలికి పోయి, కుడిచేతి రెండు వేళ్ళు యంత్రానికి ఇచ్చి వచ్చాడు. మిల్లువాళ్ళు వాటికి బదులుగా గేటు కాడ కావలి పని ఇచ్చి, పెద్ద దయ చేసినట్టు మొహం పెట్టారు. మూడు వేళ్ళతో గాజు వేయడం కుదరదు. అప్పుడు ఉచ్చంగెమ్మ మలారాన్ని నడిమింట్లో చిలక్కొయ్యకు తగిలించి, "కావల్సినోళ్ళు ఈడికే రాండి" అంది. వచ్చారు. కాలువ పారి, కృష్ణా గుంటూరు జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నాక, ఆ ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. ఊళ్ళోగాని క్యాంపులోగాని కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో గాజులు వేయాలంటే ఉచ్చంగెమ్మ చెయ్యే. సీమంతం గాజు చిట్లకూడదు. చిట్లితే ఇంటిల్లిపాదీ నెలలు నిండేదాకా భయంతో చస్తారు.

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం వేసవి పోతుండగా ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. బళ్ళారి పెద్దాసుపత్రిలో గర్భసంచి తీసేయాలన్నారు.

ప్రయాణం రోజు ఎదురింటి భీమక్క బస్సు దాకా వచ్చింది. ఆమె ఊరికే రాదు.

"సంచే తీసేస్తారంటనే ఉచ్చంగీ?"

"అవునంటక్కా."

"తీసేసినాక నీతో సీమంతం గాజులు ఎవురేపిచ్చుకుంటారే? బంజరు చెయ్యి అంటారు జనం. నేను అనల్యా తల్లీ, జనం అంటారు."

ఈ జనం అనే మనిషి ఏ ఇంట్లో ఉంటాడో ఉచ్చంగెమ్మకు ఇంతవరకు తెలియదు. కానీ ఊళ్ళో మనసు విరిచే మాటలన్నీ ఆయనవే. బస్సు కదిలింది. ఆ మాట కూడా టికెట్టు లేకుండా ఆమె పక్కన కూర్చుని బళ్ళారి దాకా వచ్చింది.

మూడు వారాలకు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చెప్పింది: మూడు నెలలు బరువు ఎత్తకూడదు, గొంతుక్కూర్చోకూడదు, మెట్లు గడపలు ఎక్కి దిగకూడదు.

"గొంతుక్కూర్చోకుండా గాజులు వేసేదెట్లమ్మా?"

"వేయొద్దు."

డాక్టరమ్మ చేతులకు గాజులు లేవు. ఆమెకు చెప్పి లాభం లేదనుకుంది ఉచ్చంగెమ్మ.

ఇంట్లో నెట్టికంటప్ప రాజ్యం మొదలైంది. ఒక్కగానొక్క కూతురు చోరనూరులో పసిబిడ్డతో ఉంది, రాలేదు. ఆడదిక్కు లేని ఇంట్లో అతనికి తెలిసిన శుశ్రూష ఒక్కటే. పడుచువయసులో తన చెల్లెలి కాన్పుకు వాళ్ళమ్మ చేసింది చూశాడు. కడుపు కోయడం కాన్పు కంటే పెద్దదే కదా అని లెక్క వేసుకుని, బాలింతకు చేసేవన్నీ వరసగా ఒక్కటీ వదలకుండా చేశాడు. చెవుల్లో దూది పెట్టాడు. తలకు గుడ్డ చుట్టాడు. చన్నీళ్ళు బంద్. వెల్లుల్లి కారం, వేడన్నం, దాని మీద కాచిన నెయ్యి.

"నేనేమన్నా కన్నానా ఏందప్పా?" అని ఆమె విసుక్కునేది.

"సుమ్మనే నోరు మూసుకోని తిను. నీకేం తెలుసు!" అనేవాడు, ఆమె కన్నప్పుడు తనే బొడ్డు కోసినట్టు.

తెల్లవారక ముందే వంట దించి, వాకిట్లో పనులు చూసుకుని, తొలి బస్సుకు మిల్లుకు పోయేవాడు. దీపాల వేళకు వచ్చేవాడు. పగలంతా ఆమె ఒక్కతే. మంచం నడిమింట్లో ఉంది. వీధి తలుపు తీసే ఉంటుంది గాని, మధ్యలో గోడ అడ్డం. పెరటి వైపు గడప లేదు కాబట్టి ఆమె రాకపోకలన్నీ అటే.

పడుకుని మాత్రం ఊరికే లేదు. శ్రావణం వస్తోంది. ఏడాది బేరంలో సగం ఆ నెలదే. మలారం దించి మంచం పక్కన పెట్టించుకుంది. దుమ్ము తుడిచింది. సైజులు ఏరి డజన్లుగా దారం కట్టింది. ఒక ఆదివారం మొగుణ్ణి బళ్ళారికి పంపి కొత్త సరుకు తెప్పించింది. అతను గంపెడు తెచ్చాడు, అన్నీ చిన్నపిల్లల సైజే.

"ఇవి ఎవురికప్పా, బడికి పోయే పిల్లోళ్ళకా?"

"అంగడాయన ఇవే బాగ పోతాయనె."

"అవును, నీ మాదిరి వాళ్ళు వస్తే బాగనే పోతాయి."

మళ్ళీ పోయి మార్చుకొచ్చాడు.

గొంతుక్కూర్చోకుండా గాజు వేసే విద్య కూడా ఆమే కనిపెట్టుకుంది. పక్కకు ఒరిగి పడుకుని, మోచెయ్యి దిండు మీద ఆనించి, మొగుడి ఎడమచెయ్యి పట్టుకుని సాధన చేసింది. మొదటిరోజు నాలుగు చిట్లాయి. మూడోరోజుకు ఆ మోటు చేతికి పచ్చగాజులు జత ఎక్కాయి, గాని దిగలేదు.

"పగలగొట్టు. మిల్లు కాడ నగుతారే!" అని గోల పెట్టాడు.

"పగలగొట్టేదాన్ని కాదు నేను. ఉండు, సబ్బు తెస్తా."

చెయ్యి సిద్ధం. సరుకు సిద్ధం. రావలసిన వాళ్ళు రాలేదు.

మొదటివారం తనకు ఒంట్లో బాగాలేదని రాలేదేమో అనుకుంది. రెండోవారం చెవులు వీధిలో పెట్టింది. ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ వస్తారు. గాజుల చప్పుడు వినిపిస్తుంది, ఎవరి గాజులో కూడా చెప్పగలదు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగుతాయి. అడుగులు తొందరపడతాయి. నాలుగిళ్ళు దాటాక మళ్ళీ నవ్వులు మొదలవుతాయి. అట్లా ఒకటిరెండు సార్లు కాదు, రోజూ. శ్రావణం మొదటి శుక్రవారం వచ్చి పోయింది. ఒక్క చెయ్యి ఆ ఇంట్లోకి రాలేదు.

ఇరవై ఏళ్ళుగా పట్టుకున్న చేతులు. ఏడ్చే కొత్తకోడళ్ళకు కళ్ళు తుడిచి వేసింది. జ్వరంతో ఉన్నవాళ్ళకు ఇంటికి పోయి వేసింది. ఊరి ప్రేమ ఒక మాంసపు సంచి మీద ఆధారపడి ఉందని ఇంతకాలం తెలుసుకోలేకపోయింది. భీమక్క చెప్పినప్పుడే నమ్మి ఉంటే ఆశ అయినా పెట్టుకోకుండా ఉండేది. బేరం పోతే ఎట్లో గంజి తాగవచ్చు. ఈ చేతులకు ఇంక ఎవరూ చేతులు ఇవ్వరన్నదే ఆమెకు అసలు నష్టం.

శనివారం దీపాల వేళ మొగుడితో అంది: "సోమారం ఈ గాజులన్నీ సిరుగుప్ప గాజులోళ్ళకు ఇచ్చేసి రా. మలారం కూడా."

"శ్రావణంలోనా? నీకు మతి ఉండాదా?"

"ఎవురికి వేసేది? నీకా?"

 ఆడవాళ్ళు ఎందుకు రావడం లేదో నెట్టికంటప్పకూ తెలియలేదు. పొద్దున్నే పోయి దీపాల వేళకు వచ్చే మనిషికి వీధిలో ఎవరు ఏం చెబుతారు?

మర్నాడు ఆదివారం, పది గంటల వేళ, వీధి అవతల నుంచి పెద్ద గొంతు వినిపించింది.

"ఉచ్చంగమ్మోయ్! లోపల ఉన్నావుటే?"

క్యాంపు సుందరమ్మ. ఆమె కోడలు ఝాన్సీలక్ష్మికి ఇది ఏడో నెల.

"ఈన్నే ఉండానక్కా! లోపలికి రా!"

"నేను రాను గానీ, అక్కడి నుంచే చెప్పు. అమ్మవారు దిగిందా? తలకి నీళ్ళు పోశారా?"

"ఏ అమ్మవారు?"

"అదేంటే! గుమ్మానికి ఇంతింత వేపమండలు కట్టుకుని ఏ అమ్మవారంటావేం? పొద్దున కూడా పచ్చివి మార్చినట్టున్నారుగా!"

ఉచ్చంగెమ్మ లేచింది. ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి వీధి తలుపు దాకా నడిచింది. గుమ్మానికి రెండు పక్కలా ఆమె ఎత్తు వేపకొమ్మలు. పైన తోరణం కూడా. పసిబిడ్డ లేని ఏ ఇంటికి అట్లా కట్టినా ఊళ్ళో ఒకటే అర్థం: లోపల మసూచి ఉంది, గడప తొక్కవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళయితే ఆ వీధినే రావద్దు.

"యోవ్!" అని అరిచింది. ఆ అరుపుకు పెరట్లో కట్టెలు కొడుతున్న నెట్టికంటప్ప గొడ్డలితో సహా వచ్చాడు.

"ఎవురు కట్టినారు ఇవి?"

"నేనే." అతని మొహంలో దాపరికం లేదు, కొంచెం గర్వమే ఉంది. "దినామూ పచ్చివే కడతాండా. బాలింత ఇంటికి కట్టరా? మా చెల్లెలికి మాయమ్మ కట్ల్యా?"

"నలభై రెండేళ్ళ బాలింతను యాడన్నా చూసినావప్పా? ఇంట్లో బిడ్డ ఏదని అడగరా నిన్ను?"

అతను కొమ్మల వైపు చూశాడు, వీధి వైపు చూశాడు, గొడ్డలి కింద పెట్టాడు. ఎదురరుగు మీద భీమక్క అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆసుపత్రి నుంచి అమ్మను ఎక్కించుకొని వచ్చినావనుకుంటిమి గదే! మీ ఆయప్ప పొద్దు పొద్దున్నే పచ్చాకు మారుస్తాంటే, ఈ తల్లి ఈ ఇంట్లోనే కాపురం పెట్టిందనుకుంటిమి. మూడు మంగళారాలు నీ పేరు మీద ఊరమ్మకు పెరుగన్నం పెట్టినా, తెల్సా? ఆ పెరుగు ఎవురిస్తారు నాకు?"

ఉచ్చంగెమ్మ గడప పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వెలివేయలేదు. భయపడ్డారు, అంతే. పైగా మొక్కుకున్నారు. మూడు వారాలుగా గుండె మీద ఉన్న బండ కదిలింది గాని పూర్తిగా దొర్లిపోలేదు. దాన్ని తనే తోసేయాలనుకుంది. దాచి వేసిన గాజు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"సుందరమ్మక్కా, ఒక మాట. అమ్మవారు ల్యాదు. కానీ నాకు గర్భసంచి తీసేసినారు. కోడలికి నేను వేయొచ్చునో కూడదో, మీరే ఆలోచన చేసుకోండి."

సుందరమ్మ వీధి దాటి వచ్చింది. దగ్గరికి వచ్చి, ఉచ్చంగెమ్మ తలకు చుట్టిన గుడ్డ, చెవుల్లో దూది ఎగాదిగా చూసింది.

"నాకు పైవరస పళ్ళన్నీ పీకేశారు. పెళ్ళిళ్ళలో నాకు విస్తరి వేయడం మానేశారా? సంచితో గాజులు వేస్తావుటే నువ్వు, చేత్తో గదా! సిరుగుప్ప ఆవిణ్ణి పిలుద్దామని మావాడు నా ప్రాణం తీస్తున్నాడు. ఆవిడ పోయిన నెల మా పక్కింటి పిల్లకి మూడు పగలగొట్టింది. ఆ పిల్ల ఇప్పటికీ నిద్రపోవడం లేదు. నీ అమ్మవారు దిగుతుందేమోనని రెండు ముహూర్తాలు దాటేశాను. ఇంక దాటేస్తే పిల్ల కనేస్తుంది. శుక్రవారం తీసుకొస్తున్నాను."

"నేను కింద కూసోకూడదక్కా. మంచం మీదనే."

"పిల్లకి కుర్చీ తెస్తాంలే."

నెట్టికంటప్ప కొమ్మలన్నీ పీకి పెరటి వెనక పారేసి, శుక్రవారం దాకా ఎవరి కంటా పడకుండా తిరిగాడు.

శుక్రవారం నిజంగానే ఎడ్లబండిలో కుర్చీ వచ్చింది. వెనకే క్యాంపు ఆడవాళ్ళు, వాళ్ళ వెనకే ఊరి ఆడవాళ్ళు. నడిమిల్లు నిండిపోయింది.

"కలెక్టరమ్మ మాదిరి కుర్చీలో కూసోని గాజులేపిచ్చుకునేది ఇదే చూస్తాండా," అంది భీమక్క.

ఉచ్చంగెమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఝాన్సీలక్ష్మి చెయ్యి అందుకుంది. నీరు పట్టి ఉబ్బిన చెయ్యి. ఆరు వారాలుగా మొగుడి మోటు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పట్టని వేళ్ళతో కీలు తడిమి చూసింది. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. ఎవరు ఏమనుకుంటున్నారో ఆమెకు తెలుసు. ఎంత చెప్పినా, ఒక్క గాజు చిట్లితే చాలు, అందరూ సంచి మాటే ఎత్తుతారు.

"ఏం పాపా, మీ అత్త నీకు పులుసు పెడుతుందా, పులుసు పేరు చెప్పి నీళ్ళు పెడుతుందా?"

"మా అత్తయ్యా? ఆవిడ..." అని పిల్ల అత్త వైపు చూసేలోపల మొదటి గాజు కీలు దాటింది. రెండోది దాటింది. వేళ్ళకు పాత దారి గుర్తొచ్చింది. మోచేతి దాకా పచ్చగాజులు, రెండు చేతులకూ, ఒక్కటీ చిట్లలేదు. సుందరమ్మ పళ్ళు లేని నోటితో ముందుగా నవ్వింది. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. చేతులు ముందుకు వచ్చాయి, అన్ని వైపుల నుంచీ.

మధ్యాహ్నం దాటేసరికి ఉచ్చంగెమ్మ నడుము నిలవలేదు. కుట్లు లాగుతున్నాయి. డాక్టరమ్మ చూస్తే ఏమనేదో.

"ఇంక సాకు, చాలు తల్లీ. తక్కినోళ్ళు ఆదివారం రాండి," అంది, రెండు చేతులూ ఎత్తి. ఇంట్లోకి ఒక్క మనిషి వస్తే చాలని ఏడ్చిన మంచం మీదే కూర్చుని, మనుషులను వెనక్కి పంపుతున్నానన్న సంగతి అన్నాక గాని ఆమెకు తోచలేదు. నవ్వు వచ్చింది. నవ్వితే నొప్పి. కడుపు పట్టుకుని పక్కకు ఒరిగి పడుకుంది.

"ఆదివారం నాకు తీరదు," అంటూ భీమక్క చెయ్యి మంచం మీదికి వచ్చింది. "నా పెరుగన్నం రుణం తీర్చు ముందు."

ఉచ్చంగెమ్మ కళ్ళు మూసుకునే ఆ చేతిని అందుకుంది. బిరుసు చెయ్యి, బొటనవేలి కీలు మరీ మొండిది. నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి, ఇంకో చేత్తో దారానికి ఉన్న గాజులు తడుముకుంటూ, "మీ కోడలు ఎట్లుండాది అక్కా?" అని అడిగింది.